88వ నంబరు చొక్కా

అమెరికా ఫుట్‌బాల్ అనగానే మనలో చాలామందికి హెల్మెట్లు తగిలించుకుని ఒకరిమీద ఒకరు పడిపోయే మనుషులు కళ్ళముందు మెదులుతారు. నిజానికి ఆ ఆటలో కాలికి పనే తక్కువ. ఆ పేరెందుకు పెట్టుకున్నారో వాళ్ళకే తెలియాలి! అయినా ఈ సంచికలో ఆ ఆటగాడొకడి గురించి రాయడానికి పూనుకున్నానంటే కారణం లేకపోలేదు. ఇది విద్యార్థి సంఘం వెలువరించే సంచిక. జాన్ మ్యాకీ ఆటగాళ్ళ సంఘానికి అధ్యక్షుడుగా చేసినవాడు. అతని జీవితంలోకెల్లా గొప్ప ఆట ఏదని నన్నడిగితే న్యాయస్థానంలో ఆడిందే అంటాను. క్రీడాభిమానులకు ఈ మాట రుచించకపోవచ్చు. కోప్పడేముందు కాస్త వినండి.

మ్యాకీ ఆడిన స్థానాన్ని టైట్ ఎండ్ అంటారు. జట్టుకి పదకొండుమంది. బంతి చేతబట్టినవాణ్ణి కాపాడటానికి బండరాళ్ళలాంటి ఐదుగురు ముందు వరుసకట్టి నిలబడతారు. ఆ వరుస చివర, వాళ్ళని ఆనుకుని నిలబడేవాడు టైట్ ఎండ్. ఒకసారి ఎదుటివాణ్ణి భుజంతో, ఛాతీతో అడ్డుకుని తనవాడికి దారి చెయ్యాలి. ఇంకోసారి తానే పరుగెత్తి, విసిరిన బంతిని అందుకోవాలి. కాడి మోసే ఎద్దు పనీ, పందెపు గుర్రం పనీ ఒకే మనిషి నెత్తిన పడతాయన్నమాట. అడ్డుకున్నందుకు చప్పట్లు కొట్టేవాళ్ళుండరు; దెబ్బలు మాత్రం లెక్క తప్పకుండా తగుల్తాయి. 1960ల దాకా ఈ స్థానంలోనివాళ్ళని ఎక్కువగా అడ్డుగోడలుగానే వాడుకున్నారు. 1961లో షికాగో జట్టుకి మైక్ డిట్కా, 1963లో బాల్టిమోర్ కోల్ట్స్‌కి మ్యాకీ వచ్చాక ఆ లెక్క మారింది.

మ్యాకీ 1941లో న్యూయార్క్‌లో పుట్టిన నల్లజాతివాడు. తండ్రి చర్చిలో బోధకుడు. సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ ఆడాడు. ఆ తర్వాత వృత్తి ఆటగాడిగా గడిపిన పది సీజన్లలో అతడు ఆడని మ్యాచి ఒక్కటంటే ఒక్కటే. 331 సార్లు బంతి అందుకున్నాడు. 5,236 గజాలు, 38 టచ్‌డౌన్లు. ఇవాళ్టి టైట్ ఎండ్‌ల అంకెల పక్కన పెడితే ఇవి చిన్నవే. కానీ 1966 సంగతి చూడండి. ఆ ఏడు చేసిన తొమ్మిది టచ్‌డౌన్లలో ఆరు యాభై గజాలు దాటిన పరుగులు: 51, 57, 64, 79, 83, 89. మైదానం నిడివే నూరు గజాలు! పట్టుకోవడానికి వచ్చినవాళ్ళని తప్పించుకుని పోవడం ఒక పద్ధతి, వాళ్ళని గుద్దుకుంటూ వాళ్ళ మధ్యనుంచే పోవడం మ్యాకీ పద్ధతి. ఆ గుద్దుకోవడాలకి తర్వాత ఏం ధర చెల్లించాడో ముందుముందు చెప్తాను.

1971 జనవరిలో మయామీలో జరిగిన ఐదవ సూపర్ బౌల్‌లో యూనిటాస్ విసిరిన బంతి ఇద్దరి చేతులు తాకి ఎగిరి మ్యాకీ ఒళ్ళో పడింది. 75 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. డాలస్‌ మీద కోల్ట్స్ 16-13తో గెలిచారు. మ్యాకీ పేరు చెప్తే జనం ఇప్పటికీ ఆ పరుగే తల్చుకుంటారు. నాకు మాత్రం అది సగం అదృష్టమనే అనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. 1970లో రెండు లీగులు కలిసిపోయాయి, ఆటగాళ్ళ సంఘాలూ కలిసిపోయాయి. కలిసిన సంఘానికి మ్యాకీని అధ్యక్షుడుగా ఎన్నుకున్నారు. ఆ వేసవిలోనే పింఛనూ, బీమా వగైరాల కోసం సమ్మె జరిగింది. సమ్మె కొద్దిరోజులదే, అయితే ఫలితం దక్కింది. అసలు ముల్లు వేరే ఉంది. దాని పేరు రోజెల్ నిబంధన. లీగు కమిషనర్ పీట్ రోజెల్ పేరుమీద వచ్చింది. ఆటగాడి ఒప్పందం ముగిసింది, అతను వేరే జట్టుకి వెళ్ళాడనుకోండి. కొత్త జట్టు పాత జట్టుకి పరిహారం ఇచ్చుకోవాలి. ఇరుపక్షాలకీ కుదరకపోతే ఎవర్నివ్వాలో, ఎంతివ్వాలో కమిషనర్ తేలుస్తాడు. ఆయన మాటకి తిరుగులేదు. ఆ కమిషనర్‌ని నియమించేదెవరు? జట్ల యజమానులు. జీతమిచ్చేదెవరు? వాళ్ళే. రేపు తమ మంచి ఆటగాణ్ణే పరిహారంగా ఇచ్చెయ్యమంటాడేమోనని ఏ జట్టయినా జంకుతుంది కదా! 1963 నుంచి 1974 దాకా ఒప్పందకాలం పూర్తిచేసుకుని బయటపడినవాళ్ళు 176 మంది. వేరే జట్టులో చేరగలిగినవాళ్ళు 34 మంది. పేరుకి స్వేచ్ఛే, కాళ్ళకి మాత్రం తాడు.

1972లో మ్యాకీ, తోటి ఆటగాళ్ళు కొందరు కలిసి లీగు మీద దావా వేశారు. అతడు శాన్ డియాగోలో ఆఖరి సీజను ఆడిన సంవత్సరం కూడా అదే. మినియాపోలిస్‌లో న్యాయమూర్తి లార్సన్ ముందు విచారణ 55 రోజులు నడిచింది. 63 మంది సాక్ష్యం చెప్పారు. 1975లో ఆ నిబంధన చట్టవిరుద్ధమన్నారు. 1976లో పైకోర్టు కూడా దాన్ని కొట్టెయ్యడాన్ని సమర్థించింది. అప్పటికి మ్యాకీ ఆట మానేసి నాలుగేళ్ళు! గెలిచిన స్వేచ్ఛతో తనకి ఒరిగిందేమీ లేదు. ఇంతా చేసి, 1977లో యజమానులతో చేసుకున్న ఒప్పందంలో ఆ గెలుపులో చాలాభాగాన్ని సంఘమే వదిలేసుకుంది, తన ఉనికికి భద్రత దొరికితే చాలనుకుని. నా దృష్టిలో అది క్షమించరాని బేరం. ఒకడు కష్టపడి తవ్విన బావిని ఊరివాళ్ళే పూడ్చుకున్నట్టయింది. ఆటగాళ్ళు నిజంగా నచ్చిన జట్టుకి వెళ్ళగలిగింది 1993లో. దానికి మళ్ళీ కోర్టుల చుట్టూ తిరగాల్సివచ్చింది. ఇవాళ కోట్లు చేతబట్టుకుని జట్లు మారే టైట్ ఎండ్‌లలో మ్యాకీ పేరు తల్చుకునేవాళ్ళు ఎందరున్నారో!

"ఆటగాడు ఆడుకోవాలి గాని, సంఘాలూ దావాలూ ఎందుకండీ?" అనేవాళ్ళు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. విద్యార్థి చదువుకోవాలి గాని అంటూ మనకి వినిపించే పాట కూడా ఇదే వరస. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే. పదేళ్ళు ఎముకలు అరగదీసుకున్న మనిషికి తను ఏ ఊళ్ళో పనిచెయ్యాలో చెప్పుకునే హక్కు కూడా లేకపోతే, ఆ ఆటని ఆటనడం ఎలా? పోనీ, సంఘం పెట్టుకున్నందుకు మ్యాకీ ఆటలో ఏమన్నా లోటు చేశాడా? అధ్యక్షుడుగా ఉంటూనే సూపర్ బౌల్ గెలిచాడు.

ఆ రంగంలో అత్యున్నత గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్ అతనికి దక్కింది 1992లో, మామూలు అర్హతకాలం ముగిసిపోయే ఆఖరి ఏడు. డిట్కాకి 1988లోనే దక్కింది. ఈ జాప్యం కాకతాళీయమంటే నేను నమ్మలేను. యజమానుల్ని కోర్టుకీడ్చినవాడికి దండ వెయ్యడానికి చేతులు తొందరగా లేవవు.

ఆ తర్వాత మనిషి మారిపోతూ వచ్చాడు. మెదడు ముందుభాగాన్ని మెల్లగా తినేసే డిమెన్షియా. ఒకసారి విమానాశ్రయం తనిఖీలో సూపర్ బౌల్ ఉంగరం తియ్యనని మొరాయిస్తే, భద్రతా సిబ్బంది కిందపడేసి పట్టుకోవలసి వచ్చింది. భార్య సిల్వియా ఆరోగ్యబీమా కోసం యాభై దాటిన వయసులో విమానంలో ఉద్యోగానికి చేరింది. ఆమె లీగు కమిషనర్‌కి రాసిన ఉత్తరం వల్ల 2007లో ఒక పథకం వచ్చింది. ఇలాంటి మాజీ ఆటగాళ్ళ సంరక్షణకి మొదట్లో ఏటా 88,000 డాలర్ల దాకా ఇచ్చేవారు. మ్యాకీ చొక్కా నంబరు 88 కాబట్టి ఆ మొత్తం, దాని పేరు "88 పథకం".

ఎన్నో కుటుంబాలకి అది ఆసరా అయింది, కాదనను. కాని ఈ జబ్బు ఆటవల్లే వచ్చిందని లీగు అప్పట్లో ఒప్పుకోలేదు. డబ్బిచ్చారు, జవాబు మాత్రం ఇవ్వలేదు. సంఘాధ్యక్షుడుగా మ్యాకీ అడిగింది హక్కు. చివరికి అతని నంబరు తగిలించి ఇచ్చింది దయ. ఈ రెంటికీ తేడా లేదనేవాళ్ళతో నాకు పేచీ.

2011 జూలై 6న, 69వ ఏట, మ్యాకీ చనిపోయాడు. తర్వాత అతని మెదడుని బోస్టన్‌లో పరీక్షించారు. తలకి పదేపదే దెబ్బలు తగిలినవాళ్ళలో కనిపించే సి.టి.ఇ. అనే వ్యాధి అందులో ఉందని తేల్చారు.