మన పొరుగు యూదులు, వారి బిడ్డల కళాశాల

మిరప యార్డులో ఘాటు తగ్గుముఖము పట్టు దినములలో మన గుంటూరి యిండ్లయందు మరియొక ఘాటు మొదలగును. ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడును. ఏ కళాశాల, ఏ శాఖ, ఎంత రుసుము, వసతిగృహమా లేక యింటినుండి రాకపోకలా యను తర్కము పడసాలలో పుట్టి వంటయింటివరకు వచ్చును. ఈ మాసమున మేము నా తర్కమునే యెత్తుకొనుచున్నాము. కాని మనలో పెక్కురు తలపని యొక గడపనుండి దానిని చూడదలచితిమి. ఆ గడప యూదులది.

గుంటూరుసీమలో యూదులా యని సోదరీమణు లాశ్చర్యపడవచ్చును. గుంటూరునకు దక్షిణమున చతుర్ముఖ బ్రహ్మ దేవాలయముచే పేరొందిన చేబ్రోలు కలదు గదా. ఆ మండలమందలి కొత్తరెడ్డిపాలెమున కొన్ని పదుల కుటుంబములు బెనె ఎఫ్రాయిము, అనగా ఎఫ్రాయిము సంతతివారు, అను పేర యూదమతము నాచరించుచున్నవి. ఒంగోలు ప్రాంతమునను వీరివారు కొందరు కలరు. వీరు మాదిగ కుటుంబములనుండి వచ్చినవారు. పూర్వము బాప్టిస్టు క్రైస్తవులుగా నుండిరి. 1980 దశాబ్దమునుండి బాహాటముగా యూదాచారములను చేపట్టి, ప్రార్థనామందిరము కట్టుకొని, హీబ్రూ భాషను నేర్చుకొనుచున్నారు. ఇశ్రాయేలు గోత్రములలో చెదరిపోయినదానికి తాము వారసులమని వీరి విశ్వాసము. యూలియా ఎగొరొవా, షాహిద్ పర్వేజ్ అను పండితు లిరువురు వీరినిగూర్చి 2013లో ఆంగ్లమున నొక గ్రంథమే ప్రకటించిరి. ఇంట మాటలాడునది మన తెలుగే. పలువురికి జీవనాధారము మన పొలములలోని కూలిపనియే.

ఇట్టి యింట పదునేడేండ్ల బిడ్డ యింటర్మీడియేటు ముగించినదనుకొందము. తల్లి ముందు నిలుచు ప్రశ్నలు మన ప్రశ్నలే. వానిపై మరి మూడు చేరును: శనివారము, అన్నము, కాగితము.

మొదట శనివారమును చూతము. యూదులకు శుక్రవారపు సూర్యాస్తమయమునుండి శనివారము రాత్రి నక్షత్రములు పొడసూపువరకు విశ్రాంతిదినము. దానిని షబ్బాతు అందురు. నిష్ఠగా పాటించువా రా సమయమున నిప్పు రాజేయరు, వ్రాయరు, బండి యెక్కరు, క్రయవిక్రయములు చేయరు. సూర్యుడు క్రుంకకమునుపే దీపము వెలిగించి యా దినమును లోని కాహ్వానించునది ఇల్లాలే. మన కళాశాలలకో, శనివారము పనిదినము. కొన్నింటికి ఆదివారము సైతము విరామము లేదు. చలికాలమున ఆరు గంటలు కాకమునుపే ప్రొద్దు క్రుంకును గనుక, శుక్రవారము సాయంకాలపు ప్రయోగశాల ముగించి బస్సునకై నిలుచు బిడ్డకు త్రోవలోనే విశ్రాంతిదినము వచ్చిపడును.

పరీక్షల సంగతి మరింత చిక్కు. ఇంజనీరింగు ప్రవేశమునకై జరుగు ఈఏపీసెట్టు, జేఈఈ పరీక్షలు పలుదినములు సాగును. ఎవరి దినమెప్పుడో పరీక్ష జరుపువారే నిర్ణయింతురు. అది శనివారమైనచో రెండేండ్ల శ్రమ యొకవైపు, తాతల మాట యొకవైపు. వైద్యవిద్యకై జరుగు నీట్ పరీక్ష 2023, 2024, 2025 సంవత్సరములలో ఆదివారముననే జరిగెను. కాబట్టి ఆ ద్వారమున నీ యిబ్బంది తక్కువ. ప్రాణరక్షణకై షబ్బాతు నియమమును మీరవచ్చునని, మీరవలెననియు, యూదశాస్త్రము చెప్పుచున్నది. వైద్యము, నర్సుపని నేర్వగోరు బిడ్డకు రేపటి యుద్యోగమున నిది పెద్ద యూరట. అయినను పాఠము వినుట ప్రాణరక్షణ కాదు. చదువుకాలపు శనివారములను గూర్చి వేరుగ నాలోచింపవలసినదే. శనివారమును పాటించు సెవెంత్‌డే అడ్వెంటిస్టు క్రైస్తవులకును ఇదే యిక్కట్టు. ఇట్టివారిలో ముందుగా వ్రాతమూలమున అడిగినవారికి కొన్ని చోట్ల సౌకర్యము దొరకవచ్చును. పరీక్షనాడు వాకిట నిలిచి యడిగినవారి కెక్కడను దొరకదు.

పండుగలు సంవత్సరమున కొక తీరుగ వచ్చును. వారి ప్రాయశ్చిత్తదినమైన యోమ్ కిప్పూరు 2025లో అక్టోబరు 2న వచ్చెను. అదే దినము మన విజయదశమి, గాంధీజయంతియు. ఆ యేట వారి బిడ్డ లెవరిని సెలవడుగ నక్కఱ లేకపోయెను. ఏటేట నట్లు కలియునా? కావున సంవత్సరారంభమున రెండు పంచాంగములను ప్రక్కప్రక్కన నుంచి, తగులు దినములను గుర్తుపెట్టి కళాశాలవారి కిచ్చుట తల్లి చేయదగిన పని.

రెండవది అన్నము. పందిమాంసము, రొయ్య, పీత వారికి వర్జ్యములు. పొలుసులు, రెక్కలు గల చేప గ్రాహ్యము. మాంసమును పాలతో, పెరుగుతో కలుపరాదు. కోడికూరతో మొదలిడి పెరుగన్నముతో ముగించుట మన వసతిగృహముల యాదివారపు విందు గదా. అది వారికి పొసగదు. కాని ఈ చిక్కు కంటికి కనబడునంత పెద్దది కాదు. పప్పు, గోంగూర, చారు, మజ్జిగ గల శాకాహారపు పంక్తిలో వారి బిడ్డ నిశ్చింతగా కూర్చుండవచ్చును.

ఈ యుపాయము వారి గ్రంథములోనే యున్నది. దానియేలను యూదబాలుడు చెరపట్టబడి బబులోను రాజనగరునకు పోయెను. రాజు వానికిని వాని చెలికాండ్రకును మూడేండ్లు విద్య గరపుమనియు, తన పంక్తి భోజనము పెట్టుమనియు నానతిచ్చెను. దానియేలు ఆ భోజన మొల్లక, పదిదినములు శాకధాన్యములును నీరును మాత్రమే యిచ్చి పరీక్షింపుడని వేడుకొనెను. పదిదినములైన పిమ్మట వారి ముఖములే ఎక్కువ కళకళలాడినవట. అతడు పరాయివారి విద్యను మానలేదు. విస్తరిని మాత్రము మార్చుకొనెను. వసతిగృహమునకు బిడ్డను పంపు తల్లి, ఆమె యే మతమునకు జెందినను, ఈ తారతమ్యమును తెలిసికొనవలెను. వదలరాని దేది, సర్దుకొనదగిన దేది యని యింటనే విడదీసి చెప్పినచో బిడ్డ అక్కడ తడబడదు.

మూడవది కాగితము. బరువైనది ఇదే. 1950 నాటి రాజ్యాంగ ఉత్తరువు ననుసరించి షెడ్యూల్డు కులముల హోదా మొదట హిందువులకే యుండెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును చేర్చబడెను. ఇతర మతమును అవలంబించువారికి ఆ హోదా లేదు. మైనారిటీల మార్గమున పోదమన్నచో, కేంద్రప్రభుత్వపు పట్టికలో ముస్లిములు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పారసీకులు, 2014నుండి జైనులు కలరు, యూదులు లేరు. మహారాష్ట్రము 2016లోను, గుజరాతు 2018లోను తమ తమ రాష్ట్రములలో యూదులను మైనారిటీలుగా గుర్తించినవి.

కావున కూలిచేసి చదివించు తండ్రి ప్రవేశపత్రమున మతమను గడియొద్ద ఆగిపోవును. అందు వ్రాయు నొక్క మాటపై సీటు, ఉపకారవేతనము, ఫీజు రీయింబర్సుమెంటు ఆధారపడి యుండవచ్చును. ఇంట నొకటి, కాగితమున నొకటి యనుకొమ్మని బిడ్డకు చెప్పుట సులభముగ తోచును. లేమిచే నట్లు తలపోయు నింటిని మేము నిందింపజాలము. అయినను ఆ మాట బరువును నాలుగేండ్లు మోయునది పెద్దలు కారు, బిడ్డ. కాబట్టి మా సలహా యిది. ఈ ప్రశ్నను కళాశాల కిటికీయొద్ద పదునేడేండ్ల పిల్లకు వదలిపెట్టరాదు. కొన్ని నెలలు ముందుగనే తహశీల్దారు కార్యాలయమునను, సాంఘిక సంక్షేమ కార్యాలయమునను విచారింపవలెను. జిల్లా న్యాయసేవాధికార సంస్థయందు స్త్రీలకు, ఆదాయ మెంతయైనను, ఉచితముగ న్యాయసలహా పొందు హక్కు 1987 నాటి చట్టముచే కలదు. తల్లియే స్వయముగ పోయి యడుగవచ్చును. ఏ సాయమును రాదనుకొని రుసుము లెక్క వేసి, దాని కందుబాటులో నుండు ప్రభుత్వ కళాశాల నొకదానిని రెండవ దారిగ చూచియుంచవలెను.

తక్కిన ప్రపంచమున యూదులైన తలిదండ్రు లీ ప్రశ్నను చిరకాలముగ నెదుర్కొనుచున్నారు. అమెరికాలో 1922లో హార్వర్డు విశ్వవిద్యాలయాధ్యక్షుడు యూదవిద్యార్థుల సంఖ్యకు హద్దు పెట్టవలెనని ప్రతిపాదించెను. ఇతర విద్యాలయములును ఏదో యొక సాకుతో తలుపు సగము మూసినవి. యూదులు దీనికి రెండు విధముల బదులు చెప్పిరి. 1923లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున హిల్లెలను సంస్థ నారంభించి, పరాయి కళాశాలలోనే తమ బిడ్డలు కలిసి భుజించుటకు, ప్రార్థించుటకు తావు కల్పించిరి. 1948లో బ్రాండైసు విశ్వవిద్యాలయమును తామే స్థాపించి, దాని తలుపులు అందరికిని తెరచిరి. నేడచ్చటి తల్లి కళాశాలను చూడబోయినపుడు పాఠముల నడిగినట్లే, శుక్రవారపు భోజనమెచ్చట, తనవంటివా రెందరు, ఇంటికెంత దూరమని యడుగును. కొత్తరెడ్డిపాలెపు తల్లికి హిల్లెలు లేదు. ఆమె బిడ్డ చేరు తరగతిలో ఆ బిడ్డ యొక్కతెయే యూదురాలు కావచ్చును.

కాని మన సీమయందును కళాశాలలు ఒకరు కట్టగా అందరు చదివినవే. 1885లో లూథరను మిషనువారు నెలకొల్పిన ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో హిందువుల బిడ్డలు తరతరములుగ చదివిరి. నందమూరి తారక రామారావుగారు చదివినదియు నచ్చటనే. కలకత్తాలో యూదులు 1881లో తమ బాలికలకై స్థాపించిన పాఠశాలలో నేడు చదువువా రధికముగ ముస్లిము బాలికలు. విద్యాలయపు పేరును చూచి బెదరనక్కఱలేదు. లోపలి నడవడిని చూడవలెను.

భారతమున ఆదిపర్వమందలి కచుని కథ సోదరీమణు లెఱుగుదురు. మృతసంజీవని నేర్వ దేవతలు బృహస్పతి కుమారుని శుక్రాచార్యునొద్దకు, అసురుల నగరమునకు, పంపిరి. కచుడు తా నెవరి కుమారుడో దాచలేదు, మొదటనే చెప్పెను. శుక్రుడును ఆ మాట విని వానిని శిష్యునిగ గైకొని యాదరించెను. పగబూనినవా రసురులేగాని గురువు కాడు. ఈ కథలో మనము బిడ్డకు చెప్పు నీతి యొకటి కలదు, ఉపాధ్యాయుల యిండ్లు నేర్వవలసిన నీతి మరియొకటి కలదు. ఈ పత్రికను చదువువారిలో ఉపాధ్యాయుల భార్యలు, గుమాస్తాల భార్యలు పెక్కురు. శనివారము రాలేనని యొక పిల్ల యడిగినదని మీ యింటివారు భోజనవేళ చెప్పినచో, నవ్వి త్రోసివేయక, ఆమె కింకొక దినమున పరీక్ష పెట్టరాదా యని యొక మాట యనుడు. శుక్రుని యింట దేవయానివంటి మాటసాయ మెప్పుడును చిన్నది కాదు.

ఇక కళాశాల నెన్నుకొను ప్రతి తల్లియు, యూదురాలైనను కాకున్నను, రుసుము కట్టకముం దడుగవలసిన సంగతులను చెప్పి ముగింతుము. వారమునకు తరగతులెన్ని దినములు? సెలవు కోరినచో పోయిన పాఠమును, పరీక్షను తిరిగి పొందు మార్గమేది? వసతిగృహమున ప్రత్యేక శాకపాకము కలదా? సాయంకాలము బిడ్డ యింటికి చేరు బస్సు ఎన్ని గంటలకు? చేరిన పిమ్మట మానినచో రుసుమును, ప్రమాణపత్రములను తిరిగి యిత్తురా? వీనికి జవాబులను నోటిమాటగ గాక కాగితముపై పుచ్చుకొనవలెను. అన్నిటికంటె ముందు బిడ్డనే యడుగవలెను: "అమ్మా, నీవు దేనిని వదలుకొనజాలవు?" అని. యూదశాస్త్రమున తండ్రి కుమారునికి ధర్మమును, ఒక వృత్తిని నేర్పవలెననియు, ఈత కూడ నేర్పవలెనని కొందరనిరనియు నున్నది. ధర్మము నింట నేర్పుదుము, వృత్తిని కళాశాల నేర్పును. ఈత మాత్రము, కుమార్తె యైనను కుమారుడైనను, బిడ్డ తానే యీదవలెను. దిగుచోటు లోతెంతో ముందుగా చూచి చెప్పుట మన వంతు.