మోపు బరువెంత?

పోయిన పుష్యంలో సకుటుంబంగా అరకు వెళ్ళాం. మా మిత్రుడిల్లు కొండ మీద. ఆయన లెక్కల మాష్టారు. చలి వణికిస్తోంది, గ్యాసేమో అయిపోయింది. సరిగ్గా అప్పుడే లోయలోంచి ఒకామె కట్టెలమోపుతో వచ్చింది.

"నూరు రూపాయలు బాబూ" అంది.

ఎనభైకి బేరమాడాను. ఆమె మాట్లాడకుండా మోపు దించి వెళ్ళిపోయింది. గెలిచాననుకున్నాను.

మాష్టారు మోపును కాటాకెత్తారు. ఇరవై కిలోలు. మా బామ్మ లెక్కలో మణుగు ముప్పాతిక!

"ఎండుకట్టె కిలోకి సుమారు 3,500 కిలోకేలరీల వేడి" అన్నారాయన. "మోపుకి 70,000. కరెంటు యూనిట్‌కి 860. అంటే ఎనభై యూనిట్ల పైమాటే."

"ఎనభై రూపాయలకి ఎనభై యూనిట్లు! చవకే" అన్నాను.

"తొందరపడకండి. రాళ్ళపొయ్యిలో పదోవంతు వేడే గిన్నెకి తగులుతుంది. తక్కినదంతా గాలికీ, పొగకీ. గ్యాసు కిలోకి దాదాపు 11,000. పొయ్యిలో సగానికి పైగా గిన్నెకే. మీ మోపంతా కలిసి కిలో గ్యాసు చేసే పని చేస్తుంది."

మా ఆవిడ అడిగింది: "మరి, ఆమె మోసుకొచ్చిన కష్టం ఎన్ని యూనిట్లండీ?"

మాష్టారు కాగితం తీశారు. ఇరవై కిలోలు, మూడు వందల మీటర్ల ఎత్తు: 58,800 జౌళ్ళు. యూనిట్ అంటే 36 లక్షల జౌళ్ళు. ఒక్క యూనిట్‌తో అరవై మోపులు కొండెక్కించవచ్చు!

"అయితే మనిషి యంత్రం కాదు. తన ఒళ్ళు కూడా తనే మోసుకోవాలి. తాగిన చోడంబలిలో నాలుగోవంతుకి మించి పనిగా మారదు" అన్నారు.

1955లో మాచ్‌ఖండ్‌లో కరెంటు పుట్టింది ఈ కొండల నీటితోనే. అందుకోసం కట్టిన జలాపుట్ జలాశయంలో గిరిజనుల ఊళ్ళు మునిగాయి. ఆ సంగతి కూడా మాష్టారే చెప్పారు. నేను వరండా వైపు చూశాను. రాత్రి మేం మరిచిపోయిన అరవై వాట్ల దీపం ఇంకా వెలుగుతోంది. పది గంటలకి 0.6 యూనిట్. ముప్పై ఆరు మోపులు కొండెక్కినంత!

గబగబా వెళ్ళి స్విచ్చి ఆర్పాను.

మర్నాడు ఇరవై రూపాయలు చేత పట్టుకుని సంతంతా తిరిగాను. ఆమె కనబడలేదు. పేరైనా అడగలేదు కదా, ఎవరినని వాకబు చెయ్యను?

"మోపు తూచారు, వేడి తూచారు" అంది మా ఆవిడ, బస్సులో. "ఈ ఇరవైని ఏ కాటాలో వేస్తారు?"

కిటికీలోంచి కొండల్ని చూస్తూ కూర్చున్నాను.