పుట్టిన రోజు వేసే సూదిలో రోగము ఉండదు



"పసిగుడ్డుకు ఇవాళే సూదా సిస్టర్? రోగం ఎక్కించినట్టు కాదా, నెల దాటనివ్వండి" అని కాన్పుల వార్డులో అమ్మమ్మలు, నాయనమ్మలు అడ్డుపడుతుంటారు. హెపటైటిస్-బి టీకా గురించే ఈ భయం. బిడ్డ మీద ప్రేమతోనే అంటారు. అయినా ఈ ఒక్క విషయంలో వారి మాట వినకూడదని నా అభిప్రాయము.

ఈ టీకాలో వైరస్ ఉండదు. దాని పైపొరలోని ఒక ప్రోటీన్ మాత్రమే ఉంటుంది. వడ్లలో గింజ తీసేసి పొట్టు చల్లితే మొలకెత్తదు గదా, ఇదీ అంతే. కానీ ఆ పొట్టును చూసే మన శరీరము శత్రువును గుర్తుపట్టడం నేర్చుకుంటుంది.

1981లో వచ్చిన మొదటి టీకాకు ఈ ప్రోటీన్‌ను రోగుల రక్తము నుండి తీసేవారు. ఎంత శుద్ధి చేసినా జనానికి అనుమానం పోలేదు. 1986 నుండి దారి మారింది. ఆ ప్రోటీన్ తయారుచేసే జన్యువును ఈస్ట్‌లో పెట్టి, ఈస్ట్‌ను పెద్ద తొట్లలో పెంచుతారు. తరువాత ఈస్ట్ కణాలను పగులగొట్టి ప్రోటీన్‌ను వేరుచేసి శుద్ధి చేస్తారు. బాక్టీరియాతో వచ్చే రోగాలకు కూడా ఈ పద్ధతి పనికివచ్చింది. 2013లో యూరప్‌లో అనుమతి పొందిన మెనింజైటిస్-బి టీకాకు, ఆ బాక్టీరియా పైపొర ప్రోటీన్లను మన పేగులలో ఉండే ఇ-కొలై జాతి బాక్టీరియాలో తయారుచేయిస్తారు.

మన దేశంలో ఈ విద్యతో తయారైన మొదటి టీకా మన హైదరాబాదుదే. వరప్రసాదరెడ్డి గారు 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్, 1997లో శాన్‌వాక్-బి విడుదల చేసింది. వాడినది పికియా అనే ఈస్ట్, బ్రెడ్డు పొంగించే ఈస్ట్‌కు చుట్టం వంటిది. విదేశీ టీకా కొనలేని కుటుంబాలకు అప్పటినుండే ఇది అందుబాటులోకి వచ్చింది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం.

మృగశిర నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేపమందుకు గంటల తరబడి నిలబడతాము. అందులో ఏముందో అడగము. అన్నీ తెలిసిన ఈ టీకాకు మాత్రం సందేహాలు!

నెల ఆగితే ఏమంటారా? తల్లికి వైరస్ ఉంటే కాన్పు సమయంలోనే బిడ్డకు అంటుతుంది. అలా అంటిన పదిమంది పసివారిలో తొమ్మిదిమందికి అది జీవితాంతం ఉండిపోతుంది. ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ కనిపించదు, చివరకు కాలేయము చెడిపోవచ్చు, క్యాన్సరూ రావచ్చు. అందుకే 24 గంటలలోపు వేయాలి. తల్లికి వైరస్ ఉన్నట్టు పరీక్షలో తేలితే బిడ్డకు ఇమ్యునోగ్లోబులిన్ సూది కూడా వేస్తారు.

కాన్పుకు వచ్చేటప్పుడు రక్తపరీక్ష కాగితాలు తెచ్చుకోండి. 6, 10, 14 వారాల టీకాలకు కార్డు జాగ్రత్త చేయండి. ఇంట్లో పెద్దవారికి ఇంకా సందేహముంటే మా వద్దకు పంపండి, కూర్చోబెట్టి మాట్లాడతాము.