బాయికాడి కుక్కకు గొలుసొక్కటే సాలదు

మక్క చేన్ల పడే అడవి పందుల భయానికి మనలో శానమంది బాయికాడ పెద్ద కుక్కను పెంచుతున్నం. మంచిదే. కానీ దాన్ని పొద్దంతా రేకుల కింద కట్టేసుడు సరి కాదన్నా.

కుక్కకు మనలెక్క ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పితేనే వేడి దిగుతది. మే నెలల రేకు పొయ్యి మీది పెంకే. నీడ జరిగినా కట్టేసిన కుక్క జరగలేదు.

చెట్టు కింద జానెడు ఎత్తు రాళ్లు పేర్చి బండ పరువుండ్రి, వానకు తడి ఎక్కదు. నిలబడి, మర్లి, కాళ్లు చాపి పండేంత జాగ ఉండాలె. రేకు మీద వరిగడ్డి మందంగ కప్పుండ్రి. వాకిలి పడమరకు వద్దు, పొద్దువాలే ఎండ నేరుగ కొడతది. నీళ్లకు బరువు తొట్టి పెడితే ఒలకదు.

ఇడిస్తే గొర్ల మీద పడతదంటరు. నిజమే. అట్లయితే గూటి చుట్టూ జాలి కట్టి లోపల తిరగనియ్యుండ్రి. మరీ పొట్టి గొలుసుతో గంటలకొద్దీ కట్టేసుడు 1960 జంతు హింస నివారణ చట్టం కింద నేరం గూడ.

చట్టం సంగతి అటుంచుండ్రి. పగలంతా ఎండకు సొమ్మసిల్లిన కుక్క రాత్రి చేను ఏం కాస్తది? ఎడ్లకు కొట్టం కట్టినోళ్లం, దానికి ఇంత నీడ చెయ్యలేమా?