పుణె నుంచి హైదరాబాద్ మీదుగా ఢిల్లీకి

2025 అక్టోబరులో హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ తన పేరును స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మార్చుకుని దేశ రాజధానికి తరలిపోయిన నాటి నుంచి, ఆ పరిణామానికి కారణాన్ని తెలుగు ప్రేక్షకుడిలో వెతికే వాదన ఒకటి క్రీడాచర్చల్లో బలపడుతూ వస్తోంది. తెలుగువారికి క్రికెట్ తప్ప మరో ఆట పట్టదనీ, గచ్చిబౌలి స్టేడియంలో కుర్చీలు నిండకపోవడం వల్లే యజమానులు విసిగి వెళ్లిపోయారనీ చెప్పే ఈ వాదన కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేస్తుంది. నగరాన్ని ముందుగా నిరాశపరచింది క్లబ్బు; క్లబ్బును ఆ స్థితికి చేర్చింది ఇండియన్ సూపర్ లీగ్ నిర్మాణం; ఆ నిర్మాణాన్ని మొదటి నుంచీ చూస్తూ ఊరుకున్నది అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య. నింద పంచవలసి వస్తే ఈ వరుసలోనే పంచాలి.

ఈ చర్చలో పాల్గొన్నవారిలో అధికులు లెక్కించకుండా వదిలేసిన అంకె ఒకటుంది. హైదరాబాద్ పేరుతో ఆ క్లబ్బు ఆడిన సీజన్లు ఆరు. వాటిలో 2020-21, 2021-22 సీజన్లు కరోనా కారణంగా మొత్తంగా గోవాలోనే జరిగాయి కాబట్టి, సొంత నగరంలో సొంత ప్రేక్షకుల ముందు ఆడినవి నాలుగే. ఆ నాలుగింటిలో 2019-20లో పది జట్లకు పదో స్థానం, 2022-23లో రెండో స్థానం, 2023-24లో పన్నెండు జట్లకు పన్నెండో స్థానం, 2024-25లో పదమూడు జట్లకు పన్నెండో స్థానం దక్కాయి. నాలుగు సీజన్లలో మూడు పట్టికలో చివరి స్థానంలోనో, దానికి ఒక్క మెట్టు పైనో ముగిశాయన్నమాట. తెలుగు అభిమాని ఓపికను తూచబూనినవారు మొదట తక్కెడలో వేయవలసినది ఈ నాలుగింటిలో మూడు అన్న లెక్కనే.

ఈ లెక్కలో మరింత బాధ కలిగించే భాగం విజయానికి సంబంధించినది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌తో జరిగిన ఫైనల్ 1-1తో సమం కాగా, గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి పెనాల్టీ షూటౌట్‌లో మూడు కిక్కులను ఆపి జట్టును 3-1తో విజేతగా నిలిపాడు. స్పెయిన్‌కు చెందిన శిక్షకుడు మనోలో మార్కెజ్ తీర్చిదిద్దిన ఆ జట్టులో నైజీరియా ఆటగాడు బార్తొలొమ్యూ ఒగ్బెచె ఆ సీజన్‌లోనే 18 గోల్స్ కొట్టాడు. అయితే ఆ సీజన్ మొత్తంలో హైదరాబాద్ గడ్డపై ఆ జట్టు ఆడిన లీగ్ మ్యాచ్‌లు సున్నా. నగరం పేరున్న ఏకైక లీగ్ ట్రోఫీ గెలుపును నగరం టీవీలోనే చూడవలసి వచ్చింది. మహమ్మారికి ఎవరినీ నిందించలేము గానీ, అభిమానగణం పాదుకోవలసిన ఆ రెండేళ్ల కాలం చేజారిందన్న సంగతిని మరచి, 2019 నుంచి 2025 వరకూ గచ్చిబౌలిలో ఏకధాటిగా ఆట సాగినట్టు ప్రేక్షకుల హాజరుపై తీర్పు చెప్పడం న్యాయం కాదు.

ఆ తర్వాత జరిగినది మైదానం బయటి వైఫల్యం. 2022-23లో రెండో స్థానంలో నిలిచి సెమీఫైనల్లో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీలపై ఓడిన జట్టు, ఏడాది తిరిగేసరికి జీతాల బకాయిల్లో కూరుకుపోయింది. మాజీ ఆటగాళ్లకు చెల్లించవలసిన సొమ్ము చెల్లించనందుకు అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా ఆ క్లబ్బుపై బదిలీ నిషేధం విధించింది. అంటే బకాయి తీర్చేవరకూ కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకునే వీలు లేకుండా పోయింది. విదేశీ ఆటగాళ్లు దాదాపు అందరూ, పేరున్న భారతీయ ఆటగాళ్లలో పలువురూ సీజన్ మధ్యలోనే వెళ్లిపోగా, మిగిలిన కుర్రవాళ్లతో 22 మ్యాచ్‌లు ఆడి, ఒకే ఒక్క గెలుపుతో, 8 పాయింట్లతో సీజన్ ముగించింది. 2024లో బీసీ జిందాల్ గ్రూపు క్లబ్బును చేజిక్కించుకున్నాక కూడా, సొంత మైదానంలో ఒడిశా చేతిలో 0-6 పరాజయాన్ని చూసిన అభిమానికి ఊరట దక్కలేదు. డెక్కన్ లీజియన్ పేరుతో జెండాలు పట్టుకుని, డప్పులు మోగిస్తూ నిలిచిన అభిమాన బృందం ఈ మూడు అట్టడుగు సీజన్లలోనూ ఉంది. ఆ బృందం పలచబడిందని ఆశ్చర్యపోయేవారు, నాలుగింటిలో మూడుసార్లు అడుగంటిన ఏ వ్యాపారానికి వినియోగదారులు మిగిలారో కూడా చూపించాలి.

తెలుగునేలకు ఫుట్‌బాల్ పరాయిదన్న మాట చరిత్ర ముందు నిలవదు. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు సాధించి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్, మహమ్మద్ హబీబ్, షబ్బీర్ అలీ ఈ నగరపు మైదానాల నుంచి ఎదిగినవారే. ఆ కాలపు అభిమానం సికింద్రాబాద్ జింఖానా, ఫతే మైదాన్ చుట్టుపక్కల బస్తీల్లో పుట్టింది. ఆ బస్తీలకు దూరంగా, ఐటీ కారిడార్‌లో ఉన్న గచ్చిబౌలికి సాయంత్రపు ట్రాఫిక్‌లో చేరుకోమని పిలిచి, రాలేకపోయినవాడిని ఆట మీద ఆసక్తి లేనివాడిగా లెక్కకట్టడం మరో అన్యాయం.

అసలు సమస్య ఫ్రాంచైజీ పద్ధతిలో ఉంది. లీగ్‌లో ఆడే హక్కును ఒక కంపెనీ రుసుము చెల్లించి పొందడాన్ని ఫ్రాంచైజీ అంటారు. ఈ పద్ధతిలో ఆ హక్కు కంపెనీది, నగరం కేవలం చిరునామా. ఈ చిరునామా ఎంత తేలికగా మారుతుందో తెలియడానికి 2025 దాకా ఎదురుచూడనక్కరలేదు. 2019 ఆగస్టులో హైదరాబాద్ క్లబ్బు పుట్టుక ఎఫ్‌సీ పుణె సిటీ మరణంతోనే జరిగింది. పుణె యజమానులు అప్పుల భారంతో చేతులెత్తేయగా, ఆ ఫ్రాంచైజీని కొత్త యజమానులు హైదరాబాద్‌కు తెచ్చారు. ఆరెంజ్ ఆర్మీ అని పిలుచుకున్న పుణె అభిమానులను ఎవరూ సంప్రదించలేదు. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కు తరలి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఆనాడు హైదరాబాద్‌లో జరిగినది సంబరం. పుణె వారికి జరిగినది రేపు మనకూ జరగవచ్చని ఇక్కడి క్రీడాసంఘాలు గాని, పత్రికలు గాని గట్టిగా అడగలేదు. ఆరేళ్లలో అదే ఫ్రాంచైజీ పుణె, హైదరాబాద్, ఢిల్లీ అనే మూడు నగరాలు తిరిగింది. మూడు నగరాల ప్రేక్షకులూ ఆటను ప్రేమించలేని దోషులేనా అన్న ప్రశ్నకు ప్రేక్షకుడిని తప్పుపట్టేవారి వద్ద సమాధానం లేదు.

దీనికి తోడైనది దిగువ శ్రేణికి దింపే విధానం లేకపోవడం. ప్రపంచంలోని అధిక భాగం లీగులలో పట్టికలో చివర నిలిచిన జట్లు కింది శ్రేణికి జారిపోతాయి, కింది శ్రేణి విజేత జట్లు పైకి వస్తాయి. ఓటమికి వెల, గెలుపుకు విలువ ఉండేది దీనివల్లే. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య 2019లో ఆమోదించిన మార్గసూచి ప్రకారం భారత్‌లో ఈ విధానం 2024-25 నాటికి పూర్తిగా అమలు కావలసి ఉండింది. పైకి వచ్చే దారి తెరుచుకుని పంజాబ్, మహమ్మడన్ స్పోర్టింగ్ జట్లు వచ్చాయి గాని, కిందికి దిగే దారి అప్పటికీ తెరుచుకోలేదు. హైదరాబాద్ నుంచే ఆడిన శ్రీనిధి డెక్కన్ క్లబ్బు రెండో శ్రేణి అయిన ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 సీజన్లలో వరుసగా రెండో స్థానం సాధించినా పై శ్రేణి తలుపు తెరుచుకోలేదు. అదే నగరంలో అడుగున నిలిచిన క్లబ్బు మాత్రం పై శ్రేణిలోనే ఉండి, చివరికి నగరాన్నే వదిలింది. నాలుగింటిలో మూడుసార్లు అడుగున నిలిచినా శిక్ష పడినది జట్టుకు కాదు, ఆ జట్టును నమ్ముకున్న ఊరికి.

లీగ్ నిర్వాహకులూ తమ బాధ్యత ఇంతకన్నా మెరుగ్గా నిర్వర్తించలేదు. అఖిల భారత సమాఖ్యకూ రిలయన్స్ భాగస్వామ్య సంస్థకూ 2010లో కుదిరిన 15 ఏళ్ల వాణిజ్య హక్కుల ఒప్పందం 2025 డిసెంబరుతో ముగుస్తుందని అందరికీ ముందే తెలుసు. అయినా 2025 జులైలో లీగ్‌ను నిలిపివేస్తున్నట్టు ప్రకటించవలసి రావడం, తర్వాత పిలిచిన టెండరుకు ఒక్క బిడ్ కూడా రాకపోవడం, చివరకు ఒకే అంచెలో 91 మ్యాచ్‌లకు కుదించిన సీజన్ 2026 ఫిబ్రవరిలో గాని మొదలుకాకపోవడం ఒక దేశపు అత్యున్నత పోటీ ఎంత అస్థిరంగా నడుస్తోందో చూపుతున్నాయి. విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ లావు నాగేశ్వరరావు రూపొందించిన సమాఖ్య నియమావళిని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో ఆమోదించింది; ప్రధాన లీగ్‌లో ఎగువకూ దిగువకూ జట్ల కదలిక ఉండాలని అది చెప్పడం మంచి పరిణామమే. అమలు జరిగినప్పుడే దానిని మెచ్చుకోవచ్చు.

యజమానుల వైపు నుంచి ఒక మాట ఒప్పుకోవాలి. ఈ లీగ్‌లో క్లబ్బులు ఏటా నష్టాలే చూశాయి, నష్టం భరిస్తూ నిరవధికంగా ఉండమని ఏ కంపెనీనీ బలవంతపెట్టలేము. కానీ వెళ్లిపోయే హక్కు ఉన్నంత మాత్రాన ఫ్రాంచైజీని సంచిలో వేసుకుని వెళ్లే హక్కు వస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఇంగ్లండ్‌లో 2002లో వింబుల్డన్ క్లబ్బు మిల్టన్ కీన్స్‌కు తరలడానికి అనుమతి పొందగానే, అక్కడి అభిమానులు తామే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అనే కొత్త క్లబ్బును స్థాపించి, అట్టడుగు శ్రేణుల నుంచి గెలుచుకుంటూ 2011 నాటికి వృత్తిపరమైన లీగ్‌కు చేర్చారు. కింది నుంచి పైకి దారి తెరిచి ఉన్న దేశం కాబట్టి అది సాధ్యమైంది. అదే దేశం 2025లో చట్టం చేసి, క్లబ్బు సొంత మైదానాన్ని మార్చాలంటే స్వతంత్ర నియంత్రణ సంస్థ అనుమతిని తప్పనిసరి చేసింది. జర్మనీలో 1998 నుంచి, కొద్దిపాటి మినహాయింపులతో, క్లబ్బు ఓటింగ్ హక్కులలో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉండాలన్న నిబంధన ఉంది. ఇవేవీ అసాధ్యమైన ఆదర్శాలు కావు, అమల్లో ఉన్న ఏర్పాట్లు.

క్లబ్బు తరలిపోయిన నష్టం హైదరాబాద్ నగరంతో ఆగదు. మహబూబాబాద్ జిల్లా గంగారం, కొత్తగూడ మండలాల గిరిజన గూడేల్లో, తండాల్లో బడి మైదానంలో బంతి తన్నే పిల్లకు రాష్ట్ర రాజధానిలో పై శ్రేణి క్లబ్బు ఉండటం అంటే, జిల్లా జట్టు, హకీంపేట క్రీడా పాఠశాల, ఆపై క్లబ్బు అకాడమీ అనే మెట్లకు ఒక గమ్యం కనిపించడం. నిజామాబాద్ జిల్లా లంబాడా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య 2024-25 ఏడాదికి దేశ ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా సమాఖ్య అవార్డు అందుకుంది. ఆ ఏడాది ఆమె ఆడినది కోల్‌కతాకు చెందిన ఈస్ట్ బెంగాల్ తరఫున. తెలంగాణ బిడ్డకు తెలంగాణలో అంతటి క్లబ్బు లేదు.

2024లో ఇదే గచ్చిబౌలిలో రాష్ట్ర ప్రభుత్వం ఇంటర్‌కాంటినెంటల్ కప్‌కూ, భారత్, మలేషియా మ్యాచ్‌కూ, సంతోష్ ట్రోఫీ ఫైనల్‌కూ ఆతిథ్యమిచ్చి ఫుట్‌బాల్ పునర్వైభవమని చెప్పుకుంది. ఏడాది తిరగకుండానే నగరపు పేరున్న ఏకైక పై శ్రేణి క్లబ్బు తరలిపోతుంటే, ఆ మైదానాన్ని వాడుకున్న యజమానిని ఎవరు నిలదీశారు? ప్రజాధనంతో నిర్మించిన స్టేడియాన్ని ఏ క్లబ్బుకు ఇచ్చినా, కనీస కాలపరిమితికి ముందే ఊరు విడిస్తే పరిహారం చెల్లించాలనీ, అభిమాన సంఘానికి నిర్వహణలో స్థానం ఉండాలనీ, ఫ్రాంచైజీ హక్కు నగరాన్ని దాటాలంటే సమాఖ్య బహిరంగ విచారణ జరపాలనీ ఒప్పందంలో రాయించుకోవడానికి కోర్టు తీర్పు అవసరం లేదు. రేపు మరో కంపెనీ మరో జెండాతో గచ్చిబౌలికి వచ్చినప్పుడు ఈ షరతులు లేకుండా స్టేడియం తాళాలు ఇచ్చే ప్రభుత్వానికి, ఆ తర్వాత ఖాళీ కుర్చీలు చూపి తెలుగు ప్రేక్షకుడిని తప్పుపట్టే అర్హత ఉండదు.