వాడని గ్యాసుకూ రోజువారీ చార్జీ
బ్రిటన్‌లో చాలా ఇళ్లకు చలికాలపు వేడి గ్యాస్ బాయిలర్ నుంచే అందుతుంది. ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ 2019 నుంచి ధరలకు పరిమితి పెడుతోంది. ఆ పరిమితి యూనిట్ ధరకూ, రోజువారీ స్థిర చార్జీకీ మాత్రమే; మొత్తం బిల్లుకు కాదు. నా అభ్యంతరమంతా ఆ స్థిర చార్జీ మీదే. బాయిలర్ వెలిగించినా వెలిగించకపోయినా అది రోజూ పడుతూనే ఉంటుంది. ముందే డబ్బు వేసుకుంటే తప్ప గ్యాస్ రాని ప్రీపేమెంట్ మీటర్ ఉన్న ఇంట్లోనైతే, వేసవంతా వాడకపోయినా బాకీ పేరుకుపోతుంది. నవంబరులో పిల్లలు వణుకుతున్నారని తల్లి పది పౌండ్లు వేస్తే, అందులో కొంత ముందు ఆ పాత బాకీకే పోతుంది. ఇది అన్యాయం. 2024లో ప్రభుత్వం వృద్ధుల శీతాకాలపు ఇంధన సాయాన్ని చాలామందికి ఆపేసి, మరుసటి ఏడాది వెనక్కి తగ్గింది, తగ్గడం మంచిదే. కానీ సాయం ఇచ్చినా అది పాత ఇళ్ల సందుల్లోంచి బయటికే పోతోంది. అక్కడ చదువుకునే మన పిల్లల్లోనూ ఎందరో అలాంటి అద్దె ఇళ్లలోనే ఉంటున్నారు. గోడలకూ అటకకూ వేడిని ఆపే పొర వేయించాల్సింది యజమాని, బిల్లు కట్టేది అద్దెదారు; ఇక యజమానికి తొందరేముంటుంది? స్థిర చార్జీని ఎత్తేసి యూనిట్ ధరలో కలపాలి. జబ్బు వల్ల ఎక్కువ వేడి అవసరమయ్యేవాళ్లకు దానివల్ల భారం పెరుగుతుంది కనుక, వాళ్లకు అదే రోజు నుంచి విడిగా రాయితీ ఇవ్వాలి.