కేక ఒకరిది, కాసులు ఇంకొకరివి

పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో భుబన్ బద్యాకర్ పచ్చి వేరుశనగలు అమ్ముకునేవారు. డబ్బు లేకపోతే పాత గాజులు, పట్టీలు, పాడైన సెల్‌ఫోన్లు ఇచ్చినా సరే, గింజలు తూచి ఇచ్చేవారు. ఆ బేరం సంగతంతా పాటగా కట్టి, పాడుకుంటూ ఊళ్లు తిరిగేవారు. ఎవరో ఫోన్‌లో తీసిన ఆ పాట 2021 చివర్లో ‘కాచా బాదామ్’గా ఇంటర్నెట్‌ను ఊపేసింది. అల్లు అర్జున్ కూతురు అర్హ కూడా దానికి చిందేసింది.

జనం చిందేసింది ఎక్కువగా ఆ పాటకు బీట్లు జోడించిన రీమిక్స్‌కు. గొంతు భుబన్‌దే, మాటలు ఆయనవే, కానీ అప్‌లోడ్ చేసిన ఖాతాలు వేరేవాళ్లవి. 2022 ఫిబ్రవరిలో ఒక సంగీత సంస్థ ఆయనతో రూ.3 లక్షలకు ఒప్పందం చేసుకుందని వార్తలొచ్చాయి. పల్లెలో సరుకు మోసుకు తిరిగే మనిషికి అది కళ్లు చెదిరే మొత్తమే. ఏడాది తిరిగేసరికి, తన పాట తాను పాడి పెట్టుకుంటే కాపీరైట్ అడ్డొస్తోందని ఆయనే వాపోయారు.

నిజానికి చట్టం మరీ అంత గుడ్డిదేమీ కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించారు. రికార్డింగ్‌లో వాడిన పాట రచయితకు రాయల్టీలో సమాన వాటా పొందే హక్కు ఉంది. వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప ఆ హక్కును మరెవరికీ రాసివ్వడానికి వీల్లేదు. హక్కుల బదిలీ రాతపూర్వకంగానే జరగాలి. గడువు రాయకపోతే అయిదేళ్లనే లెక్క. ఇందులో రాయల్టీ రక్షణ సినిమా పాటల రచయితలు ఏళ్ల తరబడి కొట్లాడి సాధించుకున్నది. సంతలో కేకేసే మనిషికి దీన్ని విడమరిచి చెప్పేవారెవరు?

ఢిల్లీ దుస్తుల వ్యాపారి జస్మీన్ కౌర్ కథ వేరు. 2023లో ‘జస్ట్ లుకింగ్ లైక్ ఎ వావ్’ అన్న ఆమె మాటను దీపికా పదుకొణె సైతం అనుకరించారు. అలాంటి పొట్టి మాటకు కాపీరైట్ దక్కదు. అయినా ఆమె పెద్దగా నష్టపోలేదు. ఎందుకంటే ఆ వీడియో ఆమె ఇన్‌స్టాగ్రామ్ లైవ్‌లోది, వెనక కనిపించేది ఆమె అమ్మే సరుకు. ఎవరు నవ్వుకున్నా, ఎవరు వెక్కిరించినా దారి చివరికి ఆ దుకాణానికే చేరేది. మొదటి వీడియో ఎవరి ఖాతాలో ఉందన్నదే ఈ వ్యవహారంలో అసలు పెట్టుబడి. ప్రతిభ గురించి మనం చెప్పుకునేవన్నీ ఆ తర్వాతే.

మన కుమారి ఆంటీని చూడండి. హైదరాబాద్‌లోని మాదాపూర్‌లో రోడ్డు పక్కన అన్నం వడ్డిస్తూ ఆమె చెప్పిన ‘టూ లివర్లు ఎక్స్‌ట్రా’ లెక్క రాష్ట్రమంతా నవ్వులు పంచింది. వ్యూస్ యూట్యూబర్లకు, ట్రాఫిక్ జామ్ ఆమెకు! 2024 జనవరి చివర్లో పోలీసులు బండి ఎత్తేయమంటే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కల్పించుకోవాల్సి వచ్చింది. వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణకు 2014 నుంచే చట్టం ఉంది. కానీ ఆమెను కాపాడింది పేరుప్రఖ్యాతులే. పేరు లేని పక్క బండి కోసం ఏ ముఖ్యమంత్రీ ఫోన్ చేయరు.

మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఉచితంగా న్యాయ సహాయం అందిస్తాయి. భుబన్ చేసుకున్నలాంటి ఒప్పంద పత్రాలను చదివి చెప్పే పనినీ ఆ సంస్థలు చేపట్టాలి. వీడియోలు తీసి పెట్టేవారికీ ఒక మనవి: ముందు అనుమతి అడగండి, పేరూ ఊరూ రాయండి, డబ్బొస్తే అందులో వాటా ఇవ్వండి.